తుపాను వారంలో మా ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సేవలు: ఒక రిటైర్డ్ కండక్టర్ రివ్యూ

దేవరకొండ డిపోలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి 2021లో రిటైరయ్యాను. అన్నేళ్లూ మార్కులు వేయించుకున్నవాణ్ణే తప్ప వేసినవాణ్ణి కాదు. హైదరాబాద్‌లో బయల్దేరి ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి మీదుగా దేవరకొండ చేరేలోపు కనీసం నలుగురు నా మీద తీర్పు చెప్పి దిగేవాళ్లు. చిల్లర ఇవ్వలేదని ఒకరు, చెయ్యెత్తినా బస్సు ఆపలేదని ఒకరు. ముందు బస్సు ఎక్కడ చెడిపోయిందో, ఈ బస్సులో కాలు పెట్టే చోటు ఎందుకు లేదో వాళ్లకు పట్టదు. అందుకే ప్రభుత్వ మనిషి గురించి రాసేటప్పుడు నేను కొంచెం అటువైపు మొగ్గుతానేమో. ముందే చెబుతున్నా, చదివేవాళ్లు ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

ఊళ్లో మాకు ఐదెకరాలుంది. మూడున్నర ఎర్ర చెలక, వాగు వైపు ఎకరంన్నర నల్లరేగడి. అంతా వానాధారం పత్తే. రిటైరైన కొత్తలో వ్యవసాయం అంటే పొద్దున్నే నడకకి పోయినట్టుంటుంది అనుకున్నాను. మా ఆవిడ అప్పుడే నవ్వింది.

రివ్యూ దేని గురించో చెప్పాలి కదా. మండలానికి వ్యవసాయ అధికారి ఉంటారు, ఆయన్ని ఏఓ అంటాం. ఆయన కింద క్లస్టర్‌కి ఒకరు చొప్పున వ్యవసాయ విస్తరణ అధికారి, అంటే ఏఈఓ. ఒక క్లస్టర్ అంటే లెక్క ప్రకారం ఐదువేల ఎకరాలు. వాళ్లు కూర్చునే భవనం రైతు వేదిక. 2020 చివర్లో కొడకండ్లలో మొదటిది ప్రారంభించారు, తర్వాత తెలంగాణ రాష్ట్రమంతా 2,601 కట్టారు. మాది ఊరి బయట, స్కూలు దాటాక ఉంటుంది. మా ఏఈఓ ఒక అమ్మాయి. నా చిన్న కూతురు ఈడుది, స్కూటీ మీద తిరుగుతుంది. నేను మేడం అంటాను, తను నన్ను కాకా అంటుంది. ఊరు ఏదో, తను ఎవరో రాయను. రాస్తే మంచి మాటలు పోయి రెండు నిష్ఠూరాలే పైవాళ్ల దగ్గరికి చేరతాయి. డిపోలో నాకు తెలిసిన సంగతే.

మామూలు రోజుల్లో ఈ సేవ ఎలా ఉంటుందంటే, అంతంత మాత్రం. వేదికకి పోతే సగం సార్లు తాళం ఉంటుంది. లోపల ఉంటే పంట నమోదు, లేకపోతే రైతు భరోసా (పెట్టుబడి సాయం) జాబితా, లేకపోతే ఇంకో సర్వే. మంగళవారం వీడియోలో శాస్త్రవేత్తలతో మాట్లాడే కార్యక్రమం 2024 నుంచి నడుస్తోంది, రైతు నేస్తం అని. బొమ్మ బాగానే వస్తుంది, మాట మాత్రం మధ్యలో తెగుతుంది. ముందు వరసలో కూర్చునే నలుగురం మేమే ఎప్పుడూ. మట్టి పరీక్షకని రెండేళ్ల కింద నా చేలో ఐదు చోట్ల తవ్వి సంచిలో పోసుకుపోయారు. ఆ మట్టి ఏమైందో ఇంతవరకు కబురు లేదు. ఇక్కడిదాకా అయితే నేను ఐదుకి రెండు ఇచ్చేవాణ్ణి.

కానీ ఏఈఓ విలువ మామూలు రోజుల్లో తెలియదు. బస్సులో స్టెప్నీ టైరు ఉందో లేదో మాల్ దాటాక పంక్చరైనప్పుడు కదా చూస్తాం.

2025 అక్టోబరు చివరి వారం. మొంథా తుపాను వస్తోందని టీవీలో చెబుతూనే ఉన్నారు, కానీ కాకినాడ పేరు, మచిలీపట్నం పేరు చెబుతున్నారు. సముద్రానికీ మాకూ మధ్యలో ఎన్ని జిల్లాలున్నాయి! నేను పట్టించుకోలేదు. 27వ తేదీ సోమవారం సాయంత్రం మా క్లస్టర్ వాట్సాప్ గ్రూపులో మేడం వాయిస్ మెసేజ్ పెట్టింది. నిమిషంన్నర. ఆ గ్రూపులో పొద్దున లేస్తే దేవుడి బొమ్మలు, శుభోదయాలు, ఎవరి మనవడిదో పుట్టినరోజు. ఆ బాధ పడలేక మూణ్నెల్ల ముందే మోత రాకుండా నొక్కిపెట్టుకున్నాను. మెసేజ్ విన్నది బుధవారం రాత్రి.

అందులో ఏముందంటే: "బుధవారం పెద్ద వాన ఉన్నది. విచ్చిన పత్తి ఉంటే రేపు పొద్దుగాల మంచు ఆరినంక ఏరిపియ్యండి, కూలి ఎక్కువైనా పర్వాలేదు. ఏరిన పత్తి నేల మీద కాకుండా ఎత్తు మీద పెట్టండి. వరి కోతకొచ్చినోళ్లు రెండు రోజులు ఆగండి, కోసిన వడ్లు కల్లంల ఉంటే టార్పాలిన్ కప్పి చుట్టు కాలువ తీయండి. మందులు, యూరియా ఎవ్వరు కొట్టకండి, కొట్టుకపోతయి." ఇంతే. ఇందులో పెద్ద సైన్స్ ఏమీ లేదు. రోజు ముందు చెప్పడమే దీని విలువ.

నా గెట్టు పక్క రైతు విన్నాడు. మంగళవారం ఆటో పెట్టి పద్నాలుగు మంది కూలీల్ని తెప్పించాడు. కిలోకి పన్నెండు రూపాయలు నడుస్తుంటే పదిహేను ఇచ్చి మధ్యాహ్నం మూడింటిదాకా ఏరించాడు. రెండు క్వింటాళ్ల పైచిలుకు పత్తి ఇంట్లోకి చేరింది. నేను అదే గెట్టు మీద నిలబడి, "ఏందే, అంత తొందర? కూలి పెంచి మా మీద పెడతవా?" అని పరాచికం కూడా ఆడాను. ఆ సాయంత్రం నుంచి ముసురు. బుధవారం కురిసింది వాన కాదు, కుమ్మరింత. శ్రీశైలం రోడ్డు మీద డిండి దగ్గర రాకపోకలు ఆగిపోయాయని మా పాత డ్రైవర్ ఫోన్ చేసి చెప్పాడు. మా వాగు గట్టు దాటి నల్లరేగడిలోకి వచ్చింది.

గురువారం పొద్దున చేను చూస్తే విచ్చిన పత్తి అంతా తడిసిన దీపపు వత్తుల్లా వేలాడుతోంది. ఎకరంన్నరలో మోకాలు కింది వరకు నీళ్లు. మేడంకి ఫోన్ చేస్తే ఎప్పుడూ బిజీ. పదకొండు సార్లు చేశాను, లెక్కపెట్టాను. అలవాటు పోదు కదా. ఆ మధ్యలో కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 కొట్టాను. ఇది ఉచితం, పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఎత్తినాయన మర్యాదగా, పుస్తకం చదివినట్టు చెప్పాడు. ముందు నీళ్లు తీసేయండి అన్నాడు. సరైన మాటే. ఎటు తీయాలో మాత్రం ఆయనకి ఎలా తెలుస్తుంది? నా చేను పల్లానికి ఉంది, కింద ఇంకొకాయన చేను ఉంది. నేను కాలువ తీస్తే నీళ్లు ఆయన నెత్తిన.

మధ్యాహ్నం రెండింటికి మేడం తనే వచ్చింది. స్కూటీ బడి దగ్గర పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడుచుకుంటూ. నాతోపాటు కింది చేనాయన్ని కూడా పిలిపించింది. ఇద్దరినీ గెట్టు మీద నిలబెట్టి, "మీ ఇద్దరి నడుమ కాలువ తీస్తె వాగుల పడ్తది కాకా, నలభై గజాలు. ఇయ్యాల పొద్దుమూకేలోపు తీయాలె. రేపు తీస్తె ఏం లాభం లేదు" అంది. మేమిద్దరం మాట్లాడుకుని ఆరేళ్లయింది. ఏదో దారి తగాదా, ఇక్కడ అనవసరం. ఆ అమ్మాయి ముందు కాదనలేక ఇద్దరం పారలు పట్టాం. జేసీబీ దొరికే రోజు కాదు అది. చీకటి పడేసరికి నీళ్లు కదిలాయి.

ఇదే ఫోన్లో దొరకని సేవ. ఇందుకే ఇంత పొడుగు రివ్యూ.

రెండో రోజు అసలు టెన్షన్ మొదలైంది. నీళ్లు పోయిన చోట, నిండా కాయతో ఉన్న మొక్కలు ఉన్నట్టుండి తల వేలేశాయి. శుక్రవారం పొద్దున బాగున్న సాలు సాయంత్రానికి వడలిపోయింది. టౌనులో మందుల షాపుకి పోతే ఆకు చూడకుండానే ఒక సీసా, ఒక పొట్లం, ఇంకో టానిక్ కౌంటర్ మీద పెట్టాడు. ఎకరానికి పన్నెండు వందలట. "వేరుకుళ్లు సార్, ఇయ్యాల కొట్టకపోతె చేను మొత్తం పోతది" అన్నాడు. భయపెట్టి ఎక్కించుకోవడం మాకు తెలియంది కాదు, ఆఖరి బస్సు ఇదే అని అరిచే ప్రైవేటు జీపులవాళ్లు ఎంతమందిని చూడలేదు. డబ్బు తీయకుండా ఫోటో తీసి మేడంకి పంపాను.

తను ఒక మొక్క పీకి, వేరు నిలువుగా చీల్చి ఫోటో పెట్టమంది. పెట్టాను. వేరు తెల్లగా, గట్టిగానే ఉంది, లోపల గోధుమ రంగు గీతలు లేవు. ఆ ఫోటోని తను కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో శాస్త్రవేత్తకి పంపింది. గంటలో జవాబు. ఇది తెగులు కాదు, పారావిల్ట్. నేలంతా నీటితో నిండిపోతే వేరుకి గాలి ఆడదు, మీద కాయల బరువు ఉంటుంది, మొక్క ఒక్కసారిగా సొమ్మసిల్లుతుంది. పక్క మొక్కకి అంటేది కాదు. వడలడం మొదలైన గంటల్లో చేస్తేనే ఫలితం. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయాలి. వేరు తీసుకునే స్థితిలో లేదు కాబట్టి ఆకు మీద లీటరుకి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) గానీ 20 గ్రాముల యూరియా గానీ పిచికారీ చేయాలి.

నేను గ్రాములు అడిగితే మేడం డబ్బా లెక్క చెప్పింది. నా బ్యాటరీ పంపు పదహారు లీటర్లది. దానికి కాపర్ యాభై గ్రాములు, 13-0-45 నూట అరవై. "పంపు ముందల నాజిల్ తీసేసి మొదట్ల పోయండి, వడలిన మొక్కలకు, వాటి చుట్టున్న వాటికే. మొత్తం చేనుకు వద్దు" అంది. షాపులో మొత్తం ఖర్చు నాలుగు వందల చిల్లర. వడలిన వాటిలో సగానికి పైగా లేచాయి. మిగతావి ఎండిపోయాయి. నేను అద్భుతం అనను. ఎకరానికి పన్నెండు వందలు పెట్టినా ఎండేవి ఎండేవే.

తడిసిన పత్తి గురించి కూడా ఒక మాట. మేడం గట్టిగా చెప్పింది, తడిసింది వేరేగా ఏరండి, మొదట ఏరిన తెల్ల పత్తిలో కలపొద్దని. నేను కొంత కలిపాను. ఒప్పుకుంటున్నా. తూకం పెరుగుతుందని ఆశ. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు. ఆ ఏడు (2025-26) పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. కలిపిన నా లాటుకి తేమ మీటరు పద్నాలుగు చూపించింది. వెనక్కి తెచ్చి ఇంటి ముందు నాలుగు రోజులు ఎండబెట్టి, రంగు మారిందని చివరికి బయట ఆరువేలకి ఇచ్చుకున్నాను. వినని దానికి సర్వీసు మీద మార్కు కోయడం ధర్మం కాదు.

స్లాట్ బుకింగ్ మళ్లీ ఇంకో కథ. పత్తి అమ్మాలంటే 2025 సీజన్ నుంచి ఫోన్లో కపాస్ కిసాన్ యాప్. ఓటీపీ నా పాత నంబరుకి పోతుంది, ఆ సిమ్ పోయి నాలుగేళ్లు. వేదికలో మేడం చుట్టూ ఇరవై మంది, అందరి చేతిలో పాస్‌బుక్కు, ఆధారు, పగిలిన ఫోను. అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబర్లలో యూరియాకి కూడా ఇదే గుంపు. చెప్పులు, రాళ్లు, పాస్‌బుక్కులు లైన్లో పెట్టి మనుషులు చెట్టు కింద కూర్చున్నారు. లారీ వచ్చిన రోజు తోపులాటలో మేడం గొంతు పోయింది. ఆ పూట నేను పాత అలవాటు కొద్దీ ముందుకు పోయి ఊరి వారీగా అంకెలు వేసి చీటీలు చింపి పంచాను. పండగ రోజు బస్టాండులో చేసినట్టే. ఒక ముసలామె నన్ను చూసి, "ఈన గవర్నమెంటోడేనా?" అని అడిగింది. ఇప్పుడు కాదమ్మా అన్నాను.

ఇక సర్వే. ఇక్కడే మా ఇద్దరికీ మాట మాట వచ్చింది.

నవంబరు 1 శనివారం నష్టం రాయడానికి వచ్చింది. ప్రభుత్వం ఎకరానికి పదివేలు ప్రకటించింది. నిబంధన పాతదే, పంట 33 శాతం, ఆ పైన దెబ్బతింటేనే రాస్తారు. నేను ఐదెకరాలూ రాయమన్నాను. తను చేనంతా తిరిగింది. ఎర్ర చెలకలో మూడు చోట్ల ఆగి, పది మొక్కల చొప్పున కాయలు లెక్కపెట్టింది. పచ్చి కాయ ఎంత, విచ్చి తడిసింది ఎంత. లెక్కపెట్టి, "కాకా, ఈ మూడున్నర 33 దాటలే. కింద ఎకరంన్నర రాస్త" అంది. నాకు కోపం వచ్చింది. ఎవరెవరికి ఎంత రాశావో నాకు తెలుసులే అన్నట్టు ఏదో అన్నాను. తను ఏం అనకుండా ఫోన్లో ఫోటో తీసుకుని, నంబరు కొట్టి, నాకు చూపించింది. సర్వే నంబరు, ఎకరంన్నర, నా పేరు.

రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే సిగ్గేసింది. లగేజీ టికెట్ కొట్టనందుకు నన్ను ఎంతమంది తిట్టలేదు, కొట్టినందుకు ఎంతమంది తిట్టలేదు. రూలు అందరికీ ఒకటే అని నేను బస్సులో ఎన్నిసార్లు అరిచానో. నాకు ఐదెకరాలు రాసి ఉంటే ఈ రివ్యూలో ఆ అమ్మాయికి మూడు మార్కులు తగ్గించాల్సి వచ్చేది, నేను తగ్గించేవాణ్ణి కాదు. ఇంకో సంగతి. మన రాష్ట్రం 2020లోనే ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చేసింది. నా పత్తికి 2025 వానాకాలంలో ఏ బీమా లేదు. బీమా లేని చోట తను ఫోన్లో కొట్టే ఆ ఒక్క వరుసే రైతుకి ఉన్న కాగితం. అందుకే అంత మాట పడాల్సి వస్తోంది పాపం, కంపెనీవాడు పడాల్సిన మాటలు కూడా.

తుపాను కాని ఆపద ఒకటి రాయకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. 2024 సెప్టెంబర్లో మా చెల్లె కొడుకు నా చేలోనే పురుగు మందు కొట్టాడు. మిట్టమధ్యాహ్నం, గాలికి ఎదురుగా, మూతికి గుడ్డ లేదు, చొక్కా తడిసి ముద్ద. మూడో పంపుకి కళ్లు మసకగా ఉన్నాయన్నాడు. నోట్లో నురగలాగా ఉమ్ము, ఒళ్లంతా చెమట, వాంతి. నేను నిమ్మకాయ నీళ్లు కలపమని మా ఆవిడకి కేక వేశాను. అప్పుడు గుర్తొచ్చి మేడంకి ఫోన్ చేస్తే ఆ ఒక్కసారి మొదటి రింగుకే ఎత్తింది. "ఏం తాగిపియ్యొద్దు. పాలు గూడ వద్దు. చొక్కా, లుంగి విప్పండి, సబ్బు పెట్టి నీళ్లతోని ఒళ్లు కడగండి. పక్కకు తిప్పి పండబెట్టండి. 108కి చేయండి. డబ్బా పారేయకండి, దవాఖానకు పట్టుకపోండి." ఇదే వరసలో చెప్పింది, ఒక్క అక్షరం తడబడలేదు.

దవాఖానలో డాక్టరు అడిగిన మొదటి మాట ఏం మందు అని. నేను సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాను. లేబులు చూసి వెంటనే అట్రోపిన్ అన్నాడు. మూడో రోజు పిల్లవాడు ఇడ్లీ తిన్నాడు. మందు డబ్బాల మీద విరుగుడు ఏమిటో రాసి ఉంటుందని, వజ్రం ఆకారం బొమ్మలో కింది త్రికోణం రంగుని బట్టి విషం ఎంతో తెలుస్తుందని, ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని, ఇవన్నీ అంతకు ముందే వేదికలో చెప్పింది. ఆ రోజు నేను ముందు వరసలోనే కూర్చున్నాను. టీ వచ్చిందా అని వెనక్కి చూస్తున్నాను. బస్సు రంగు చూసి పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో చెప్పగలిగిన మనిషిని, చేతిలో డబ్బా రంగు చూడలేదు.

రైతు బీమా సంగతి రెండు ముక్కల్లో. మా వీధిలో ఒకాయన యాభై రెండేళ్లకే పోయాడు, గుండెపోటు. మూడో రోజు మేడం ఇంటికే వచ్చి కాగితాలు తనే రాసింది, మరణ ధృవీకరణకి ఎవరి దగ్గరికి పోవాలో చెప్పింది. ఐదు లక్షలు భార్య ఖాతాలో పడ్డాయి. ఏటా ఆగస్టు ముందు నామినీ పేరు సరి చూసుకోండి అని తను మెసేజ్ పెట్టేది ఇందుకే. 18 నుంచి 59 ఏళ్లవాళ్లకే ఇది. నేను దాటిపోయాను, మా ఇంట్లో నా విలువ పింఛను మాత్రమే.

ఇంత రాశాక ఐదుకి ఐదు ఇస్తానని అనుకోకండి.

మొదటి లోపం, మనిషి ఒకరు, ఊళ్లు మూడు. వాన ఒకేసారి అందరి మీదా పడుతుంది. గురువారం మధ్యాహ్నం నా చేలో ఉందంటే ఆ సమయంలో ఇంకో ఊళ్లో ఎవరో పదకొండు సార్లు ఫోన్ చేస్తున్నారన్నమాట. నాకు కాలువ దొరికింది, వాళ్లకి బిజీ టోన్ దొరికింది. అదే వారం తనకి సర్వే, యాప్, పైనుంచి సాయంత్రంకల్లా పంపమనే లెక్కలు. 2024లో డిజిటల్ పంటల సర్వే మీద ఏఈఓలు ఆందోళనకి దిగితే ఊళ్లో కొందరు పని దొంగలన్నారు. ఒక్క రోజు తన వెనక స్కూటీ మీద తిరగమనండి. తిరగడానికి స్కూటీ మీద రెండో సీటు ఖాళీ ఉండదు, రిజిస్టర్లు ఉంటాయి.

రెండోది, మెసేజ్ ఒక్కటే సరిపోదు. వాయిస్ మెసేజ్ పెట్టాను అని తను, వినలేదు అని నేను. ఊళ్లో చిన్న ఫోన్లు వాడే ముసలివాళ్లు ఎంతమంది! అలాంటి హెచ్చరిక గుడి మైకులో గానీ, గ్రామ పంచాయతీ చాటింపుతో గానీ రావాలి. ఇది చెప్పాను. తను, "మైకు మా చేతిల లేదు కాకా" అంది.

మూడోది పెద్దది. నా చేను పైన మూడెకరాలు ఒకతను కౌలుకి చేస్తాడు. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు, ఎల్బీనగర్ దాటి ఇటు రావడం నేను చూడలేదు. విత్తనం కౌలు రైతుది, ఎరువు అతనిది, అప్పు అతనిది. వాగు ముంచింది అతని పత్తిని. సర్వే రోజు మేడం అతని చేను కూడా నిజాయితీగానే తిరిగింది, మూడెకరాలూ 33 దాటాయని తేల్చింది. కానీ ఫోన్లో సర్వే నంబరు కొట్టగానే వచ్చింది పట్టాదారు పేరు, పట్టాదారు ఖాతా. కౌలు రైతులకి గుర్తింపు కార్డులు ఇవ్వాలని 2011లో చట్టం వచ్చింది. ఆ కార్డు మా ఊళ్లో ఎవరి జేబులోనూ నేను చూడలేదు. ఈ తప్పు మేడంది కాదు, అది ఎవరికైనా తెలుస్తుంది. అయినా నేను మార్కులు వేస్తున్నది సేవకి. టికెట్ తీసుకున్న ప్రతివాడికీ సీటు దొరకాలని ముప్పై ఏళ్లలో నేనెప్పుడూ అనలేదు, కనీసం ఎక్కనివ్వాలి కదా.

అందుకని నా లెక్క ఇది. ఆపదలో మొదటి రెండు రోజుల సలహాకి ఐదుకి నాలుగున్నర. సర్వేకి సొంత పొలం ఉన్నవాడిగా నాలుగు, ఆ కౌలు రైతు స్థానంలో ఉండి చెప్పమంటే సున్నా. మట్టి పరీక్షకి ఏమిచ్చేది, ముందు నా మట్టి నాకు ఇవ్వమనండి.

కొత్తగా వాడుకునేవాళ్లకి నాలుగు మాటలు. మీ క్లస్టర్ గ్రూపు మోత ఆపకండి, దేవుడి బొమ్మలు భరించండి. ఫోటో పంపేటప్పుడు దూరం నుంచి చేనంతా కాదు, వేరు చీల్చి, ఆకు తిరగేసి దగ్గర నుంచి తీయండి. పంట నమోదు రోజు చేలో మీరే ఉండండి, పత్తి వేసి కంది అని పడితే తుపాను రోజు ఎవరూ సరిచేయలేరు. మందు కొనేటప్పుడు బిల్లు అడగండి, డబ్బా దాచండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు వరకు తనకి ఫోన్ చేయకండి, ఆ పిల్ల అప్పుడే తింటుంది, తింటే.

సర్వే అయిపోయిన సాయంత్రం ఆ కౌలు రైతు వేదిక మెట్ల మీద కూర్చున్నాడు. "మేడం, నా పేరు ఎక్కడన్న ఉన్నదా?" అని అడిగాడు. తను కాసేపు ఫోను చూసి, పక్కన పెట్టి, రిజిస్టర్లో ఒక కాగితం చింపి అతని పేరు, సర్వే నంబరు, మూడెకరాలు, సాగు చేసింది ఇతనే అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చింది. పట్టాదారుకి తనే ఫోన్ చేసి, డబ్బు పడితే ఇతనికి ఇవ్వాలి సార్ అని కూడా చెప్పింది. అవతలాయన చూద్దాం అన్నాడట. బస్సులో చిల్లర లేనప్పుడు టికెట్ వెనక రాసి ఇచ్చేవాణ్ణి, దిగేటప్పుడు తీసుకోమని. అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పైజేబులో పెట్టుకున్నాడు. నిన్న కల్లు దుకాణం దగ్గర కనిపిస్తే జేబు తడిమి చూపించాడు, ఇంకా ఉంది.